ఆమె చెప్పిన పేరు

పిల్లల వార్డులో ఆమె చాలా ఏళ్ళుగా హెడ్‌సిస్టర్. నడుస్తూనే మంచాల మీది దుప్పట్లు సర్దుతుంది. కూర్చోవడం తక్కువ.

నిరుడు ఆస్పత్రి వాళ్ళు హెడ్‌సిస్టర్లందరికీ శిక్షణ పెట్టారు. కింద పనిచేసే నర్సుల్లో ప్రతిభను ఎలా గుర్తించాలి, ఎలా పెంచాలి అన్నది విషయం. చివరిరోజు ఒక్కొక్కరూ లేచి, తమ వార్డులో అందరికన్నా ప్రతిభ గల నర్సు ఎవరో చెప్పాలి. ఆమె నిజం చెప్పింది. వారం తిరక్కుండా ఆ నర్సును డబ్బున్నవాళ్ళ బ్లాకుకు తీసుకుపోయారు. బదులు ఎవరినీ ఇవ్వలేదు. ఏడాది చివర హెడ్‌సిస్టర్ పనితీరుకు మార్కులు తగ్గాయి. వార్డు నడపడం చేతకావడం లేదన్నారు.

ఈ ఏడు మళ్ళీ శిక్షణ. వార్డులో ఇక పనికొచ్చే నర్సు 'చిన్నది' ఒక్కతే. అందరూ అలాగే పిలుస్తారు. సూది చూసి గుక్కపట్టే బిడ్డ కూడా ఆ పిల్ల చేతికి చేయి ఇస్తుంది. తనూ పోతే వార్డు ఉండదు.

ఇంట్లో ఆ సంగతి చెబితే, ముందుగదిలో గుడ్డ కత్తిరిస్తున్న భర్త తల ఎత్తలేదు.

"మంచి కత్తెర ఉందని ఎవరైనా బయట చెప్పుకుంటారటే? అడిగినవాళ్ళకి మొద్దుది ఇచ్చి పంపాలి."

వార్డులో అలాంటి మొద్దు నర్సూ ఉంది. రేడియో అంటారు. నోరు మూతపడదు, చేయి కదలదు. శిక్షణలో హెడ్‌సిస్టర్ లేచి ఆమె పేరే చెప్పింది. మాటకారి, పదిమందిని నడపగలదు అంది. చప్పట్లు కొట్టారు. పీడ విరగడైందనుకుంది.

రేడియోను పై శిక్షణకు పంపారు. వానలు వెలిసేసరికి సూపర్‌వైజరై తిరిగొచ్చింది. పిల్లల వార్డూ ఆమె కిందికే వచ్చింది. మొదటిరోజే అందరి ముందూ హెడ్‌సిస్టర్ చేతులు పట్టుకుంది.

"అంతా అక్క చలవే. ఇంతమందిలో నా పేరు చెప్పింది."

పక్కనే చిన్నది ట్రే తుడుస్తోంది. తుడవడం ఆపలేదు. తరవాత మందుల గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అడిగింది.

"అక్కా, నా పని బాలేదా?"

"బాగుండబట్టే చెప్పలేదే. నువ్వు పోతే ఈ పిల్లల్ని ఎవరు చూస్తారు?"

"పోవాలో ఉండాలో నన్ను అడగొచ్చుగా."

"అడిగితే పోయేదానివి."

చిన్నది కాదనలేదు. పోయేదాన్నే అంది.

ఉద్యోగం మానేస్తుందేమోనని హెడ్‌సిస్టర్ కొన్నాళ్ళు భయపడింది. మానలేదు. వేళకు వస్తుంది, వేళకు పోతుంది. ఈసారి హెడ్‌సిస్టర్‌కు మంచి మార్కులు పడ్డాయి. ప్రతిభను కనిపెట్టగల మనిషని రేడియోయే రాసింది.

పూర్వం డ్యూటీ అప్పగించేటప్పుడు చిన్నది ప్రతి మంచం దగ్గరా ఆగేది. ఈ బిడ్డ ఎడమవైపు తిప్పితేనే పడుకుంటుంది, ఈ తల్లి పొద్దుటినుంచి ఏమీ తినలేదు, అని చెప్పుకుంటూ పోయేది. ఇప్పుడు తలుపు దగ్గరే నిలబడి జ్వరం ఎంత, ఏ మందు ఇచ్చారు అన్నవి చెబుతుంది. ఒక్క తప్పుండదు.

"ఇంకేమైనా ఉందా?" అంటుంది హెడ్‌సిస్టర్.

"ఇంకేం లేదు మేడమ్."

వెళ్ళిపోతుంది. మూలమంచంలో కొత్తగా వచ్చిన బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. ఆ ఏడుపెందుకో హెడ్‌సిస్టర్ మొదటినుంచీ తెలుసుకోవాలి.