నాన్నకు పేపర్ చదివినట్టు

2023 వేసవి. చిలకలగూడలో మా ఇంటి మేడ మీదున్న ఒక్క గదిలో నటులకు కోల్డ్ రీడింగ్ నేర్పుతున్న రోజులవి. రేడియో నాటకాల్లో, స్టేజీ మీద చాలా ఏళ్లు పనిచేసి, మోకాళ్లు మొరాయించాక నేను ఈ పనిలో పడ్డాను. కోల్డ్ రీడింగ్ అంటే ఏమిటని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఆడిషన్‌కు వెళ్లిన మనిషి చేతిలో అప్పటికప్పుడు ఒకటి రెండు పేజీలు పెడతారు. వాటిని సైడ్స్ అంటారు. ఒకసారి చూసుకోనిచ్చి, కెమెరా ముందు చేసి చూపించమంటారు. కంఠతా పట్టే వీలుండదు. కాగితం చేతిలోనే ఉంటుంది, కానీ చదువుతున్నట్టు ఉండకూడదు. వినడానికి చిన్న విషయమే. చాలామంది మంచి నటులు అక్కడే బోర్లాపడతారు.

ఎస్తేరు ఆ వేసవిలోనే నా దగ్గరకు వచ్చింది. నలభై దాటిన మనిషి. బోయిగూడలో ఇల్లు, దగ్గర్లోనే ఒక స్కూల్లో తెలుగు టీచరు ఉద్యోగం. చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేసీ వేసీ నటన పిచ్చి పట్టుకుంది. స్కూలువాళ్లను బతిమాలి ఏడాది సెలవు తీసుకుంది. ఆ ఏడాదిలో నాలుగు మాటలున్న వేషం ఒక్కటైనా దొరక్కపోతే బుద్ధిగా బడికి పోవాలని ఇంట్లో ఒప్పందం. నా మేడ మెట్లెక్కేనాటికి ఇక మిగిలింది వేసవి సెలవులే. అప్పటిదాకా ఆమె చేసిందల్లా ఆస్పత్రి సీన్లో బెంచీ మీద కూర్చోవడం, పెళ్లి సీన్లో అక్షింతలు వేయడం.

మొదటి రోజు ఒక పేజీ ఇచ్చాను. ఎక్కడా తడబడకుండా చదివేసింది. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నేను మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి నెత్తి పట్టుకున్నాను. ఎదుటి మనిషి మీద మండిపడే సీను అది. ఈమె చదువుతుంటే ఆదివారం ఆరాధనలో కూర్చున్నట్టుంది.

"ఎస్తేరమ్మా, చర్చిల బైబిల్ పాఠం నువ్వే చదువుతవా?"

"చిన్నప్పటి సంది నేనే మేడమ్. మీకెట్ల తెలిసింది?"

"గోడకు సుత తెలుస్తది. జెర తల లేపి నా మొహం చూడు."

మా పనిలో బొటనవేలు పెద్ద ఆసరా. పేజీ అంచున వేలు పెట్టుకుని, ఒక వాక్యాన్ని కళ్లతో ఎత్తుకుని, తలెత్తి ఎదుటి మనిషికి చెప్పాలి. వాళ్లు బదులిస్తుంటే వినాలి. ఆ తర్వాతే వేలున్న చోటికి చూపు దించాలి. కళ్లు కాగితం మీదున్నంతసేపూ నోరు విప్పకూడదు. చాలామందికి వారం పది రోజుల్లో పట్టుబడుతుంది. ఎస్తేరుకు పట్టుబడలేదు. తలెత్తగానే ఏదో ఒక మాట జారిపోయేది. అయ్యో అని నాలుక కరుచుకుని, వెనక్కి వెళ్లి, మొత్తం మళ్లీ చదివేది. మాట పోతే పోయింది, భావం పోలేదుగా అంటే వినేది కాదు.

ఒకరోజు నాకు విసుగొచ్చింది. "ఒక్క మాట పోతే ఏమైతదమ్మా? మీద ఆకాశం పడ్తదా?" అన్నాను.

"మా నాన్న సంఘపెద్ద మేడమ్. నేను పాఠం చదువుతుంటే ముందు బెంచీల బైబిల్ తెరుచుకొని కూసుంటడు. ఒక్క పొల్లు పోయినా వేలు లేపుతడు. అందరి ముందట ఆగి, సరిచేసుకొని చదవాలె."

ఆ గొంతులో ఫిర్యాదు లేదు, గర్వమే ఉంది. నాకు మరింత దిగులేసింది. భయాన్నయితే పోగొట్టవచ్చు. భక్తిని ఏం చేస్తాం?

ఆ తర్వాత ఆమె క్లాసుకు రావడం మానేసింది. నాకు తెలిసిన ఒక వెబ్ సిరీస్‌వాళ్లు శనివారం ఆడిషన్ పెట్టారు. ఆమె పేరు కూడా ఇచ్చానని చెబుదామని ఫోన్ చేశాను. "వద్దు మేడమ్, నాతోని కాదు. సోమవారం స్కూలుకు పోయి చేరతానని చెప్పొస్త" అంది. నాకు కోపమూ వచ్చింది, బాధా వేసింది. మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి బోయిగూడ వెళ్లాను.

తలుపు తెరిచే ఉంది. లోపల వాళ్ల నాన్న దేవదానం గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. చూపు బాగా తగ్గిపోయింది. ఎదురుగా స్టూలు మీద ఎస్తేరు, చేతిలో ఆ రోజు పేపరు. వాళ్లు నన్ను చూడలేదు.

"మన గల్లీలో నీళ్ల పైపు మారుస్తారంట నాన్నా."

"ఏ పైపు? మొన్న తవ్వి పూడ్చారే, అదేనా?"

"అదే. మళ్లీ తవ్వుతారు." చూపు పేపరు మీదికి దిగి, పైకి లేచింది. "రెండు రోజులు నీళ్లుండవు. డ్రమ్ములు నింపుకోమంటున్నారు."

"ఎవరన్నారు?"

"ఇంజినీరు గారు. కింద మంత్రి గారి ఉపన్యాసముంది, అది ఎప్పుడూ ఉండేదేలే."

"అది వదిలెయ్. క్రికెట్ చూడు."

చెప్పులు విడవడం కూడా మరిచి గుమ్మంలో నిలబడిపోయాను. పేపరు మీద కాలమ్ అంచున ఆమె బొటనవేలు తనంతట తనే నడుస్తోంది. ఒక ముక్క ఎత్తుకుంటోంది, తండ్రి మొహం చూసి చెబుతోంది, ఆయన అడ్డుపడితే విని బదులిచ్చి సరిగ్గా వేలున్న చోటికి దిగుతోంది. నెలరోజులుగా నేను గొంతు చించుకుని చెప్పిందంతా ఆ ఇంట్లో రోజూ పొద్దున జరుగుతోంది.

పలకరింపులయ్యాక సంచిలోంచి ఒక స్క్రిప్టు కాగితం తీశాను. "ఇది సుత నాన్నకు చదివి వినిపియ్యి" అన్నాను. ఆమె నా వైపు అనుమానంగా చూసి మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే చర్చి గొంతు వచ్చేసింది. పెద్దాయన అడ్డుపడ్డారు.

"ఎవరమ్మా ఆవిడ? ఎందుకట్లా అరుస్తుంది?"

ఎస్తేరు కాగితం వైపు చూసి, తలెత్తి, ఆయనకే చెప్పింది. "చెల్లెలు అబద్ధం చెప్పిందంట నాన్నా." ఆ మాట కాగితంలో లేదు. వెంటనే కాగితంలో ఉన్న మాట కూడా అదే మామూలు గొంతుతో వచ్చింది. ఆమే ఉలిక్కిపడి నా వైపు చూసింది.

"అయ్యగారూ, ఇందులో మాట తప్పిపోతే పాపమా?" అని పెద్దాయనను అడిగాను.

ఆయన నవ్వారు. "అది దేవుని వాక్యమమ్మా. ఇది పేపరే కదా."

ఆ ఒక్క మాట నేను చెబితే ఆమె ఎన్నడూ నమ్మేది కాదు.

శనివారం ఆడిషన్ గదిలో వెనక కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఆడిషన్‌లో ఎదుటి పాత్ర మాటలు అందించే మనిషిని రీడర్ అంటారు. ఆ రోజు రీడర్ ఒక అసిస్టెంట్ డైరెక్టర్. పొద్దున్నుంచి అవే మాటలు చదివి చదివి విసిగిపోయాడు, ఒక కన్ను ఫోన్ మీదే ఉంది. సీనులో ఎస్తేరు ఒక లేడీస్ హాస్టల్ ఓనరు. చాలాకాలంగా ఉంటున్న అమ్మాయి ఖాళీ చేస్తానంటుంది. ఓనరుకు ఆమెను ఆపాలని ఉంటుంది, కానీ నోరు తెరిచి ఉండమని అడగదు.

"నేను వెళ్లిపోతున్నా ఆంటీ," అన్నాడతను తల ఎత్తకుండా.

ఎస్తేరు బదులు చెప్పలేదు. అతని వైపు చూస్తూ ఊరుకుంది. మాట మరిచిందేమో అనుకున్నాను. అతనూ అలాగే అనుకుని తల ఎత్తాడు. అప్పుడు చెప్పింది, నెమ్మదిగా: "నీ గది కిటికీ రెక్క ఎవరు వేసినా సరిగ్గా పడదు. నువ్వు వేస్తేనే పడుతుంది."

మధ్యలో ఒక వాక్యం పూర్తిగా జారిపోయింది. ఆమె వెనక్కి వెళ్లలేదు. ఆ కుర్రాడు ఫోన్ బల్ల మీద బోర్లించాడు. చివరిదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూనే మాట్లాడుకున్నారు. డైరెక్టర్ ఇంకో పేజీ పంపాడు. అదీ అట్లాగే చేసింది.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి, "మేడమ్, ఒక లైన్ మింగేసిన" అని ఏడుపు మొహం పెట్టింది.

"ఆ పోరడు సుత పరేషాన్ కాలేదు. నీకేమైంది?" అన్నాను.

వేషం వచ్చింది. నాలుగు మాటలేం ఖర్మ, మూడు ఎపిసోడ్ల వేషం. సోమవారం ఆమె స్కూలుకు వెళ్లిన మాట నిజమే, కానీ ఉద్యోగం వదులుకుంటున్నానని చెప్పి రావడానికి.

అప్పటి నుంచి కొత్తవాళ్ల చేతికి మొదటి రోజే పేజీ ఇవ్వడం మానేశాను. ఇంట్లో ఎవరికైనా ఏమైనా చదివి పెడతారా అని అడుగుతాను. ఒకాయన భార్య వంట చేస్తుంటే వాట్సాప్ మెసేజ్‌లు చదివి పెడతానన్నాడు. ఒకమ్మాయి నానమ్మకు రాశిఫలాలట. నానమ్మకు నచ్చనివి మార్చేసి మరీ చదువుతుందట. ముందు అవే చదివించుకుంటాను. కళ్లు, వేలు, చెవి ఎట్లా కలిసి పనిచేయాలో వాళ్లకు ముందే వచ్చు. తమకు వచ్చునని తెలియదు, అంతే.

సిరీస్ వచ్చాక ఒక ఆదివారం ఎస్తేరు నన్ను చర్చికి పిలిచింది. ఆ రోజు పాఠం ఆమెదే. వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు బెంచీలో దేవదానం గారు, అక్షరాలు ఇక కనిపించకపోయినా అలవాటు కొద్దీ ఒళ్లో బైబిల్ తెరుచుకుని. ఆమె చదువుతోంది, తలెత్తి జనాన్ని చూస్తోంది, మళ్లీ దించుతోంది. ఒకచోట, పాఠాలన్నీ కంఠతా వచ్చిన పెద్దాయన వేలు లేచింది. ఎస్తేరు ఆగింది. పుస్తకంలోకి వంగలేదు. తండ్రిని చూస్తూ, చిన్నగా నవ్వుతూ, జారిన మాటను సరిచేసి చెప్పింది.

ఆరాధన అయ్యాక బయట చెట్టు నీడలో ఆయన్ని ఆటపట్టించాను. "ఇంకా వేలు లేపుడు మానరా అయ్యగారూ?"

"తప్పు తప్పేనమ్మా," అన్నారు. కూతురి చెయ్యి వెతికి పట్టుకున్నారు. "కానీ ఇన్నేళ్లూ మా అమ్మాయి పాఠం చదువుతుంటే విన్నాను. ఇవాళ నాకు చెప్పింది."