కిటికీ రెక్కకి అడ్డొచ్చిన గోడ

దర్జీ కళ్లకి ఒక జబ్బుంది. బల్బు వెలుగులో నల్ల బట్ట మీద నల్ల దారం కనబడదు. అవేం కళ్లో గానీ, పక్కింటాయన ఓ అడుగు ఇటు వేస్తే మాత్రం గోడ అవతలి నుంచి కూడా కనబడుతుంది! అందుకే ఆయన కుట్టుమిషను పక్కగోడలో ఉన్న ఒకే ఒక్క కిటికీ కింద ఉంటుంది. పొద్దున్నే రెక్కలు రెండూ బయటికి తోస్తే ఎండ నేరుగా వచ్చి సూది మీద కూర్చుంటుంది. ఆ కిటికీకి అడ్డం పడితే ఇక మిషను అమ్ముకుని భార్య చేత తిట్లు తింటూ కూర్చోవడమే.

కిటికీ అవతల ఓ సన్నటి సందు, సందు దాటితే వడ్రంగి షెడ్డు. ఆ వడ్రంగిని వీధంతా మూలలు సరిచూసే ఆయన పనిముట్టు పేరుతోనే మూలమట్టం అని పిలుస్తారు. బల్ల మీద పళ్లెం వంకరగా ఉంటే సరిచేసి గానీ ముద్ద నోట పెట్టడు. దర్జీ భార్య ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి మగాళ్లిద్దరూ బావా అంటే బావా అనుకుంటూ ఏళ్లు గడిపేశారు. ఆ వరసని పాడుచేసింది దారపు నూగు.

వడ్రంగి ఓ పెద్ద బల్లకి వార్నిష్ పూసి ఆరబెట్టాడు. దర్జీ తన అలవాటు చొప్పున కిటికీలోంచి బట్టలు దులిపాడు. సాయంత్రానికి బల్లకి గడ్డం మొలిచింది.

"బావా, ఇది బల్లా, గొర్రెపిల్లా?" అని అరిచాడు మూలమట్టం.

"గాలికి చెప్పు బావా. తెచ్చి పోసింది నేను కాదు."

"గాలికి గోడ చెప్తుందిలే. రేపే మొదలెడతా. నా తలకంటే ఎత్తు!"

తెల్లారి దర్జీ కిటికీ రెక్క తోశాడు. అది సగం తెరుచుకుని ఆగిపోయింది. చూస్తే సందులో కిటికీ ఎత్తున కర్రలు పాతి దారం లాగి ఉంది. గోడ అక్కడే వస్తే ఎండ ఇటువైపు తొంగి కూడా చూడదు. దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది. మెడలో టేపు వేసుకుని బయల్దేరి, తన స్థలం ఆ చివర నుంచి వంగి వంగి కొలుచుకుంటూ వచ్చి, తనూ ఓ దారం కట్టాడు. అది తిన్నగా వెళ్లి వడ్రంగి షెడ్డు గుంజకి చుట్టుకుంది.

"ఏమండీ దర్జీగారూ," అన్నాడు మూలమట్టం. బావ ఆవిరైపోయాడు. "నా గుంజ కూడా మీదేనా? పైకప్పు కూడా పట్టుకెళ్లండి, చొక్కా కుట్టుకుందురు గానీ."

"కొలత అలా చెప్తోందండీ వడ్రంగిగారూ. నన్నేం చెయ్యమంటారు?"

ఆ రెండు స్థలాలూ ఒకే ముక్క. ఎప్పుడో ఒకాయన సరిగ్గా సగానికి కోసి ఇద్దరికీ అమ్మాడు. వెడల్పు ఎంతో ఇద్దరికీ కంఠతా వచ్చు. అయినా ఎవరు కొలిచినా వాళ్ల నేలే సాగుతోంది. ఇద్దరి లెక్కా కలిపితే ఆ రెండిళ్లూ వీధిలో పట్టవు. వర్షాలకి నేల ఉబ్బిందేమోనని మూడో ఇంటివాళ్లు కూడా తమ గోడలు తడిమి చూసుకున్నారు.

వారం తిరిగేసరికి దర్జీకి విసుగు నరనరానా పాకింది. పొద్దున ఈయన ఆ దారం పీకితే మధ్యాహ్నం ఆయన ఈ దారం పీకుతాడు. మధ్యలో సగం వెలుతురులో కుట్టిన జేబు ఒకటి తిరగబడి, బయటికి వేలాడింది. ఆ పైన గొడవకి ముందు కుట్టమని ఇచ్చిన వడ్రంగి ప్యాంటు బట్టే చిలక్కొయ్యకి వేలాడుతూ ఆయన్ని వెక్కిరిస్తోంది.

"కిటికీ దగ్గర మీ ఇద్దరి గోల వినలేక చస్తున్నాను," అంది భార్య. "ఒకరి ఎదురుగా ఒకరు కొలిచి చావండి. నేనూ చూస్తాను."

ముందు దర్జీ కొలిచాడు. టేపు పరిచాడు, చివర వేలు పెట్టాడు, వేలు కాస్త ముందుకి జరిగింది, అక్కడ సుద్దగీత గీసి మళ్లీ పరిచాడు.

"ఆగండాగండి! ఆ వేలెందుకు జరిగింది?" అన్నాడు మూలమట్టం.

దర్జీ తన వేలి కేసి ఎవరిదో అన్నట్టు చూశాడు. "అది... కుట్టుకి వదులుతాం కదా."

"నేలకి కుట్టేంటయ్యా! ఏ పక్కన కుడతావు, వీధికా?"

భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. దర్జీ మొహం కందగడ్డలా అయింది. "సరే, తమరు కానివ్వండి."

మూలమట్టం తన కొలకర్ర పెట్టి, చివర ఉలితో నేల మీద లావుపాటి గీత గీసి, ఆ గీతకి అవతలి అంచు నుంచి మళ్లీ కర్ర పెట్టాడు.

"ఆహా! ఆ గీత మందం ఎవరిది?"

"కోసేటప్పుడు రంపం తినేది వదలాలి కదా."

"ఇక్కడ రంపం ఏముంది తినడానికి, నా బుర్ర తప్ప!"

దర్జీ భార్య ఇక ఆగలేక బట్టలారేసే తాడు విప్పింది. రెండు స్థలాల ఆ చివర నుంచి ఈ చివరికి లాగించి, సరిగ్గా మధ్యకి మడిచి, మడత పడ్డచోట ఓ రాయి పెట్టింది. రాయి ఇద్దరి దారాలకీ మధ్యలో పడింది. గుంజ వడ్రంగిదే. కానీ గోడ అక్కడ లేచినా దర్జీ సూది మీద మబ్బు కమ్మినట్టే.

దర్జీ గుంజకి చుట్టిన తన దారం విప్పాడు. తర్వాత, "గోడ నీ హక్కే బావా," అన్నాడు నెమ్మదిగా. "ఆ వెలుతురు పోతే నేను కుట్టలేను. అంతే."

మూలమట్టం రాయిని కాలితో సరిచేశాడు, అది కాస్త వంకరగా ఉంది మరి. "కిటికీ మేర గోడ నడుమెత్తు చాలు. బయట సన్నజాలీ బిగిస్తా, నీ గొర్రె బొచ్చు ఇటు రాకుండా. రెక్కలు లోపలికి తెరుచుకునేట్టు కొత్తవి చేసిస్తా. నువ్వు నా ప్యాంటు కుట్టు."

ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. సందులో పడ్డ వెక్కిరింతలు ఇద్దరికీ అంత గట్టిగా తగిలాయి మరి! వడ్రంగి రంపానికి ఏమీ వదలకుండా కోశాడు, రెక్కలు కురచయ్యాయి. ఎంత మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. దర్జీ కుట్టుకి ఏమీ వదలకుండా కత్తిరించాడు. ప్యాంటు తొడుక్కున్న మూలమట్టం వంగలేక, మేకు కింద పడితే తన భార్యని కేకేస్తున్నాడు.

"కుట్టుకి వదలాలని తెలీదా బావా?" అన్నాడు జాలీ అవతల బిగుసుకుని నిలబడి.

"రంపం తినేది ఎవరు వదలాలి బావా?" అన్నాడు దర్జీ తల ఎత్తకుండా. ఎండ తిన్నగా సూది మీద పడుతోంది. నల్ల దారం నల్ల బట్టలోకి దిగడం ఆయనకి స్పష్టంగా కనబడుతోంది. "ముందా ప్యాంటు విప్పి ఇటు పంపు. గోడ మీంచి విసరకు, వార్నిష్ బల్ల మీద పడుతుంది."