నీలం చుక్కలు ఏ తెగవి?

మొదటి నివేదిక అట్ట మీద రెల్మా యాసో పేరు లేదు. పాపువా న్యూగినీ కొండల్లో ఎన్నికల కొట్లాటలు ఎలా అంటుకుంటాయో కంప్యూటర్‌లో ఆడించి చూపే ప్రోగ్రామ్ ఆమె రాసిందే. పేరు మాత్రం ప్రాజెక్టు పెద్ద డాక్టర్ విట్లోది. యూనివర్సిటీలో నా పక్క బల్ల ఆమెది. అడిగితే, "పోనీలే, పని జరిగిందిగా" అని ఊరుకుంది.

ఆ తెర మీద ప్రతి మనిషీ ఒక చుక్క. కోపమొస్తే ఎర్రబడుతుంది. ఎర్ర గుంపులు రెండు తగిలితే చుక్కలు ఆరిపోతాయి. ఆరిన చుక్కంటే చచ్చిన మనిషి. పోలీసులు నీలం చుక్కలు.

మా కొండల్లో పోలీసు కూడా ఏదో ఒక తెగవాడే. ఒకే తెగ పోలీసులు కాపలా నిలబడితే, ఎదుటి తెగ ఇంకా రెచ్చిపోతుందని రెల్మా ఒక నియమం పెట్టింది. అది పెట్టి ఆడించిన ప్రతిసారీ ఓట్ల లెక్కింపు హాలు చుట్టూ తెర నల్లబడింది.

విట్లో ఆ నియమం తీసేశాడు. "పోలీసు శాఖకి ఇవ్వాల్సిన నివేదిక ఇది. గొడవకి వాళ్లే కారణమంటే చదువుతారా?"

"సార్, ఆ హాల్లో మా తమ్ముడు ఓట్లు లెక్కపెడుతున్నాడు."

"అదే మరి. నీ భయాన్ని ప్రోగ్రామ్‌లో కలిపావు."

ఈసారి ఆమె ఊరుకోలేదు. జిల్లా పోలీసు అధికారికి ఫోన్ చేసింది. ఆయన నవ్వాడు. "నీ చుక్కలకి తెగలుంటాయేమో అక్కా. మావాళ్లకి యూనిఫారమే తెగ."

తమ్ముడు కెపాస్‌కి చేసింది. "వచ్చెయ్ రా."

"ఇప్పుడొస్తే ఓట్లు దొంగిలించి పారిపోయాడంటారు. రాను."

ఆ నివేదిక చూపిన చోటే కాపలాకొచ్చిన పోలీసులంతా, మళ్లీ పోటీలో ఉన్న పాత ఎంపీ లోయవాళ్లే, ఆయన తెగవాళ్లే. వాళ్లలో ఒకడు ఓట్ల పెట్టె మీద చెయ్యేశాడు. బయట నుంచి రాయి వచ్చింది. లోపల నుంచి తుపాకీ పేలింది. ఆ తర్వాత పొడుగు కత్తులు లేచాయి. తలుపు దగ్గరే ఒకడి చెయ్యి తెగి పడింది. పోలీసుల మనిషనుకుని కెపాస్‌ను మెడ మీద నరికారు. సాయంత్రానికి రెండు ఊళ్లు తగలబడ్డాయి, పిల్లలతో సహా.

నరికినవాళ్లు పరిహారంగా పందుల్ని కర్రలకు కట్టి మోసుకొచ్చారు. అవి తీసుకుంటే ఆ చావు గురించి ఇక మాట్లాడకూడదు, మా కట్టుబాటు అది.

"నోరు కట్టేసుకో తల్లీ. మాట జారితే మళ్లీ కత్తులు లేస్తాయి" అన్నాడు రెల్మా బాబాయి.

"నరికినవాళ్లతో రాజీ అయింది బాబాయ్. వాళ్లనేమీ అనను. నియమం తీసేసినవాళ్లు పంది తోక కూడా తేలేదు."

ఆమె ఉద్యోగం మానేసి ఊరూరా తిరిగి ఈ సంగతి చెబుతోంది. పక్కనే మీ జిల్లాలో ఉప ఎన్నిక వస్తోంది. అక్కడా అదే ప్రోగ్రామ్ వాడుతున్నారు, ఆ నియమం లేకుండానే. పోలీసుల్ని ఎక్కడ నిలబెడతారో గీసిన పటం మీ ఊరి సభకు తెస్తారు. ఒప్పుకోకండి. ఆ నీలం చుక్కలు ఏ తెగవో అడగండి. తీసేసిన నియమం మళ్లీ పెట్టి, మీ కళ్లముందే ఆడించమనండి. ఆడించేదాకా పటం తెచ్చినవాళ్లను సభ దాటి పోనివ్వకండి.