మామ పోసిన సాక

పోయిన ఆదివారం అశోక్‌నగర్‌లో మా ఆఫీసు అన్న ఒకాయన కొత్త ఫ్లాట్ కొన్న సంతోషంలో నలుగురినీ పిలిచి, ఎర్రటి వైన్ పోసిన గ్లాసును గుండ్రంగా తిప్పి, ముక్కు దాదాపు లోపల ముంచి, కళ్ళు మూసుకుని, ఇందులో అడవి పండ్ల ఛాయలున్నాయని ప్రకటించాడు. ఆయన చూసిన అడవి జూపార్కు ఒక్కటేనని నాకు తెలుసు కాబట్టి నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కూర్చోబుద్ధి కాలేదు, ఫోనొచ్చినట్టు నటించి బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. ముప్ఫై ఎనిమిదేళ్ళకే జ్ఞాపకాలేమిటని అడక్కండి. ఇదే అశోక్‌నగర్ గదుల్లో ఒక్క ఫ్యాన్ కింద నలుగురం పడుకుని, రాని నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి చదివిన మా తరానికి, వయసు కూడా ఆ ఫ్యాన్ లాగే ఉన్నచోటే తిరిగి తిరిగి అరిగిపోయింది.

ఆ రోజుల్లో పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని, సాయంత్రాలు నారాయణగూడలో ఒక ఫ్రెంచ్ క్లాసుకు పోయేవాణ్ణి. ఆ భాష మీద ప్రేమేం లేదు, ఆ క్లాసులో కూలర్ ఉండేది. అయినా రెండు ఎండాకాలాల్లో ఎంతో కొంత అంటుకుంది. కొత్తగా తెరవబోయే ఒక పెద్ద హోటల్లో వైన్ వడ్డించే పనికి మనుషుల్ని తయారుచేసి ఎంపిక చేయడానికి ఒక ఫ్రెంచి ఆయన వస్తున్నాడనీ, మూడు రోజులు ఆయన మాటను తెలుగులోకి తిప్పే మనిషి కావాలనీ మా క్లాసు సారు నన్ను పంపారు. ఆ పనికి పేరిచ్చిన ఎనిమిది మందిలో మా మేనమామ ఒకడు. పేరిచ్చింది నేనే.

మామ పదిహేనేళ్ళు నల్లగొండ దిక్కు తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. చెట్టు మీంచి జారి మోకాలు పోయాక, అత్తనూ ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చి చిక్కడపల్లి వైపు మా గది వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఈ ఉద్యోగం వస్తే పిల్లలు ఇక్కడి బడిలో చేరతారు, రాకపోతే అందరూ తిరిగి ఊరికి. అంతే సంగతి. నేను ఒక్క షరతు పెట్టాను, మనం చుట్టాలమని అక్కడ చెప్పొద్దని. సిఫార్సు అనుకుంటారని కారణం చెప్పాను. అసలు కారణమేమిటంటే, మాది కల్లు గీసే ఇల్లని నేను గదిలో గానీ క్లాసులో గానీ ఎవరికీ చెప్పలేదు. మా తాతది వ్యవసాయం అనేవాణ్ణి, చెట్లున్నాయి గదా అని.

మొదటి రెండు రోజులూ తాగడం లేదు, వాసనలే. ఒక వైన్‌లో తడిసిన రాయి వాసన ఉందని ఫ్రెంచాయన అంటే, నేను రాత్రి నిఘంటువు ముందేసుకుని తయారైన పాండిత్యంతో 'ఆర్ద్ర శిలా పరిమళం' అన్నాను, ఎనిమిది మందీ పురాణం వింటున్నట్టు చేతులు కట్టుకున్నారు. మామ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "గంతేనా, తొలకరి వాన పడ్డంక బండ మీదికెల్లి లేస్తది సూడు, గా వాసన," అన్నాడు. గది మొత్తానికీ ఊపిరొచ్చింది. మర్నాడు ఒకే రకం సీసాలు రెండు పెడితే, ఇది నిన్న తెరిచింది, ఇది ఇయ్యాల్టిది అని తేల్చేశాడు. పొద్దటి కల్లునూ మాపటి కల్లునూ ముక్కుతోనే విడదీసే మనిషికి అదేం విద్య కాదు గానీ, ఫ్రెంచాయన లేచి నిలబడి చేయి కలిపాడు.

ఆ ఫ్రెంచాయన మంచివాడు. నారాయణగూడలో 'వైన్స్' అన్న బోర్డు చూసి సంబరంగా లోపలికి పోయి, అక్కడ వైన్ తప్ప అన్నీ ఉండడం చూసి తిరిగొచ్చినా మన ఊరి మీద గౌరవం పోగొట్టుకోలేదు. మూడోరోజు రుచి చూసే ముందు దేశదేశాల మర్యాదలు చెప్పాడు. వాళ్ళ దగ్గర గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలట, జార్జియాలో అయితే ఒక పెద్దమనిషి లేచి మాట్లాడందే ఎవరూ గుక్క మింగరట. మన దగ్గర ఆ పెద్దమనిషి తాగాక మాట్లాడతాడని చెబుదామనుకుని ఊరుకున్నాను. మీ దగ్గర ఏం మర్యాదలున్నాయని ఆయన అడిగాడు. అలాంటివేం లేవన్నాను.

అప్పుడే మామ గ్లాసందుకుని, నోట్లో పెట్టుకునే ముందు వంగి, ఎల్లమ్మ తల్లిని తలుచుకుని, నాలుగు చుక్కలు నేలకు సాక పోశాడు. అమ్మవారికి పోయకుండా మా ఇంట్లో ఎవరూ గొంతు తడుపుకోరు. పోసింది మాత్రం హోటలువాళ్ళ తెల్ల తివాచీ మీద. ఒకరిద్దరు తలలు వంచుకున్నారు, మిగతావాళ్ళు నా మొహం చూశారు. ఫ్రెంచాయన, ఏమైంది, అని అడిగాడు. సాక అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది, దాని వెంబడే మా తాతా, ఆయన చెట్టెక్కే మోకూ, కల్లు ముంతా అన్నీ బయటికొస్తాయనిపించింది. చేయి వణికింది పాపం, అన్నాను. ఆయన తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను ఏదో గొప్పగా వివరించాననుకుని మామ నా వంక చూసి నవ్వాడు.

ఆ సాయంత్రం నారాయణగూడలో చాయ్ తాగుతూ ఫ్రెంచాయన మాటల్లో మాటగా, కోత అయ్యాక మొదటి గ్లాసులో కొంచెం వాళ్ళ తాత ద్రాక్ష తీగ మొదట్లో పోసేవాడని చెప్పాడు. నేను చాయ్ వదిలేసి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి. ఆయన్ని పంపించి చిక్కడపల్లి దాకా నడిచాను, మళ్ళీ నారాయణగూడ దాకా, మళ్ళీ వెనక్కి. తెల్లారి హోటలుకు పోయేసరికి ఆయన విమానమెక్కేశాడు, జాబితా గోడకెక్కింది. అందులో మామ పేరు లేదు, చేయి వణుకుతుందని రాసి ఉందని హోటలువాళ్ళు మామకు చెప్పారు.

సాయంత్రం మామ మా గడపలో నిలబడి, కేక వేయకుండా అడిగాడు. "నా చెయ్యి వణుకుతదని ఎవలన్నరు అల్లుడా? మోకాలు పోయిందంటే ఒప్పుకుంట. తాటిచెట్టు మీద కత్తి వట్టిన చెయ్యి ఇది." నేను కూర్చోమని చాప పరిచాను. చాప తొక్కకుండానే, "చెప్పరాలేదా, చెప్పబుద్ధి కాలేదా?" అన్నాడు. వెనక్కి తిరిగి సందులోకి నడిచాడు.

వాళ్ళు ఊరికి పోయారు. పిల్లలు అక్కడే చదువుకుని బాగానే ఉన్నారు, కాబట్టి ఎవరూ కళ్ళు తుడుచుకోనక్కర్లేదు. మామ నాతో మాట్లాడడం మానలేదు. మానేసి ఉంటే కొంత సుఖంగా ఉండేది. ఇప్పుడు పెద్ద హోటళ్ళలోనే మట్టి ముంతల్లో కల్లు పోసి, సాక అంటే ఏమిటో ఇంగ్లీషులో అచ్చేసి మరీ ఇస్తున్నారట. నేను కూడా మాది కల్లు గీసిన ఇల్లని ఆఫీసులో దర్జాగా చెప్పుకుంటున్నాను, జనం అబ్బో అంటున్నారు. ఇప్పుడు ఆ మాట అనడానికి ధైర్యమేం అక్కర్లేదు. ధైర్యం కావాల్సిన నాడు, ఆ గదిలో రెండు భాషలూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.