వేదాంత్ ఆరడుగుల రాజ్యం

మనుషుల్ని చూడగానే కొందరు నవ్వుతారు, కొందరు చెయ్యి కలుపుతారు. వేదాంత్ వెనక్కి జరుగుతాడు. ఎదుటివాడికీ తనకీ మధ్య ఆరడుగులు ఉన్నాయని రూఢి అయ్యాకే "హాయ్" అంటాడు.

కరోనా వచ్చి రెండేళ్లయ్యాక, మార్చిలో, అమెరికాలో మోరిస్‌విల్‌ ఊళ్లోని వాళ్ల హైస్కూల్లో మాస్కు ఎవరిష్టం వారిదన్నారు. మర్నాడే కారిడార్ నిండా ముక్కులూ మూతులూ ప్రత్యక్షమయ్యాయి. వేదాంత్ మాత్రం ముఖం బయటపెట్టలేదు. కిండర్‌గార్టెన్ నుంచి వాడికి స్నేహితుడైనందుకు ఆ శిక్షలో సగం కౌశిక్ అనుభవించాడు.

బాటిల్ మూతికి తగలకుండా ఎత్తి నీళ్లు తాగడం ఎలాగో బాస్కెట్‌బాల్ టీమ్ మొత్తానికీ వేదాంత్ నేర్పాడు. ఆట మొదలవకముందే అందరి చొక్కాలూ తడిసిపోయాయి. పైపు ఎక్కడ పగిలిందని కోచ్ గోడలు వెతికాడు.

"పదేళ్లు ఎంగిలిరా, ఎంగిలిరా అని మొత్తుకుంటే 'ఇట్స్ జస్ట్ వాటర్, మామ్' అనేవాడు. ఇప్పుడు సాంబారు రుచి చూస్తే నాకే క్లాసు పీకుతున్నాడు," అని వాళ్లమ్మ జయంతి కౌశిక్ దగ్గర వాపోయింది.

"నాకూ రోజూ పీకుతున్నాడు, ఆంటీ."

వసంతం వచ్చి కార్ల మీద పసుప్పచ్చటి పుప్పొడి పేరుకుంది. ఊరంతా తుమ్ములు.

"పుప్పొడి అలర్జీయా, వైరస్సా?" అని ప్రతి తుమ్మునూ ఆపి అడిగేవాడు వేదాంత్.

"తుమ్ముకి ఐడీ కార్డుంటుందా, బ్రో?" అనేవాడు కౌశిక్.

అన్నిటికన్నా కష్టం లంచ్. లోపల మాస్కు తీయనని జిమ్ వెనక బెంచీ దగ్గర తినేవాడు. కూడా కౌశిక్, సైన్స్ ల్యాబ్‌లో వేదాంత్ పార్ట్‌నర్ దియ. జనవరిలో కొత్తగా చేరిన దియను వాడు తన పిచ్చిలోకి లాగేశాడని క్లాసంతా జాలిపడేది. చలిగాలికి పులిహోర గడ్డకట్టేది. అద్దాల అవతల క్లాస్‌మేట్ రాజీవ్ బృందం పిజ్జా తింటూ వీళ్లను చూసి నవ్వేది.

శుక్రవారం కౌశిక్ తేల్చేశాడు. "సోమవారం నుంచి లోపల తింటావా, నీతో ఫ్రెండ్‌షిప్ కట్ చేసుకోనా? అందరూ నవ్వుతున్నార్రా!"

"నవ్వేది నన్ను చూసేగా?"

"ఒక్క కారణం చెప్పు."

వేదాంత్ ఏదో అనబోయి ఆగాడు. "ప్లీజ్, కొంచెం జరుగు," అన్నాడు.

సోమవారం వేదాంత్ రాలేదు. ఇంట్లో రెండుసార్లు తుమ్మి, తనను తానే సెలవులో పెట్టుకున్నాడు. కౌశిక్ హాయిగా లోపలికి నడిచాడు. అద్దంలోంచి చూస్తే బెంచీ మీద దియ ఒక్కతే. విడిపించడానికి వెళ్లాడు.

"జైలర్ లేడు. లోపలికి రా."

"నేను రాలేను, కౌశిక్. నాకు కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ అయింది. ఆ మందులతో ఇమ్యూనిటీ ఉండదు. మీకు జలుబైతే టిష్యూ, నాకైతే హాస్పిటల్."

కౌశిక్ రెండడుగులు వెనక్కి జరిగాడు.

"పాత స్కూల్లో తెలిశాక అందరూ నర్సుల్లా మాట్లాడేవాళ్లు. ఇక్కడ ల్యాబ్‌లో నా మందుల అలారం మోగితే వేదాంత్‌కి చెప్పాల్సొచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నా. 'టెన్షన్ పడకు, పిచ్చోడిగా నేనుంటా, ఎలాగూ సగం పేరుంది' అన్నాడు."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"చెప్పొద్దన్నాగా. నువ్వు వాడితో కట్ చేసుకుంటావని ఇప్పుడు చెప్తున్నా."

అంతలో తలుపు తోసుకుని రాజీవ్ వచ్చాడు. మాస్కు లేదు, ముక్కు కారుతోంది. "ఇన్‌స్పెక్టర్ లేడుగా! రండి లోపలికి!" అంటూ నేరుగా దియ వైపే నడిచాడు.

కౌశిక్ జేబులోంచి నలిగిన మాస్కు తీసి తగిలించుకుని అడ్డం నిలబడ్డాడు.

"అక్కడే ఆగు! డ్యూటీ నాకప్పగించాడు. ముక్కు తుడుచుకో! తలుపు మూసుకుని పో!"

రాజీవ్ బిత్తరపోయి వెనక్కి తగ్గాడు. "నీకన్నా వాడే నయంరా," అన్నాడు తలుపు వేసుకుంటూ. "కనీసం ప్లీజ్ అంటాడు!"