కొమ్మ విరగలేదు

ఆ అపార్టుమెంట్లో ఆమె అందరికీ బకెట్టు పిన్నే. తెల్లవారకముందే కార్లు కడగడం మొదలుపెట్టి ఎండెక్కేసరికి ముగించడం ఏళ్లుగా ఆమె పని. పార్కింగు మీదికి వంగిన చెట్టులో కొంగలు గూళ్లు పెట్టాయంటే చాకిరీ రెట్టింపు. రెట్టను తడిగుడ్డతో నానబెట్టి తుడవాలి, గోకితే రంగు లేచిపోతుంది. పిన్ని కొంగల్ని నోరారా తిడుతూనే కడిగేది. తిట్టడం వేరు, చంపడం వేరు.

ఆ ఉదయం చెట్టుకింద రెక్క విరిగిన పిల్లకొంగ కొట్టుకుంటోంది. పక్కనే సెక్రటరీ కొత్త కారు. వెనకద్దం పగిలి సీటంతా గాజుపెంకులు. వాచ్‌మన్, ఆమె సొంత మేనల్లుడు, ఉండేలు వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు.

"మీసాలు నెరుస్తున్నాయి, సిగ్గులేదట్రా?"

"సెక్రటరీగారే కొనిచ్చారత్తా. కార్ల మీద రెట్టలు పడకుండా తోలెయ్యమన్నారు."

"తోలడానికి చప్పట్లు చాలవా? చేతులు పడిపోయాయా?"

ఇంతలో సెక్రటరీ దిగివచ్చాడు. అద్దాన్ని చూశాడు, పిట్టను చూడలేదు.

"పిన్నీ, కొమ్మ విరిగి పడిందని చెప్పు. ఇన్సూరెన్సు వస్తుంది. ఆ వంకన చెట్టూ కొట్టించేద్దాం."

పైన గూళ్లలో మిగతా పిల్లలు మేత కోసం అరుస్తున్నాయి. పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కొమ్మేదండీ?"

"మీవాడు ఒకటి విరిచి పడేస్తాడులే. కాదంటే వాడి ఉద్యోగం ఉండదు."

"ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుని నన్ను సాక్ష్యం చెప్పమంటారా? ఎవరడిగినా ఉన్నదే చెబుతా. కొట్టింది వీడు, కొనిచ్చింది మీరు. ఆ రాయి బాల్కనీలో కూర్చున్న మీ అమ్మగారి కంటికి తగిలుంటే, అప్పుడూ కొమ్మేనా?"

"కార్లు కడిగేదానివి, కడుక్కో."

"కడుగుతా. మీది తప్ప."

సెక్రటరీ ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేయలేదు. విరగని కొమ్మ పేరుతో చెట్టు నరకమనడానికీ నోరు రాలేదు. వాచ్‌మన్ ఉద్యోగం సంగతి మాత్రం సాయంత్రం మీటింగులో తేలుస్తానని లిఫ్టెక్కాడు.

పిన్ని ఉండేలు లాక్కుని రబ్బరు కోసి, కారుతున్న నీళ్ల పైపుకు బిగించి కట్టింది. మధ్యాహ్నానికి పిల్లకొంగ చచ్చిపోయింది. మేనల్లుడి చేతికి పార ఇచ్చింది.

"కోపం తగ్గలేదా అత్తా?"

"తగ్గినప్పుడు చెబుతాలే. తవ్వు."