కిలోకు తక్కువైన రెండు మొక్కలు

తిరుత్తణికి అందరూ దర్శనానికి వెళ్తారు. నేను ఒక అడవి మొక్క కోసం వెళ్ళాను, అదీ రెండోసారి. పోయిన ఏడాది తెచ్చిన దాని వేళ్ళను ఎండబెట్టి, మెథనాల్‌లో నానబెట్టి, అందులోని పదార్థాలను ఒక్కొక్కటే విడదీస్తూ ఎనిమిది నెలలు ల్యాబ్‌లో గడిపాను. చివరికి నూనెలాంటి ఒక్క చుక్క మిగిలింది. ఎవరూ చూడని కొత్త పదార్థమని మురిసిపోయాను. పరీక్షలో అది ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనమని తేలింది. వేళ్ళు మోసుకొచ్చిన ప్లాస్టిక్ సంచిలోంచే దిగింది. మళ్ళీ మొక్క దొరక్కపోతే నా థీసిస్ లేదు.

తిరువళ్లూరులో ఆరున్నర లోకల్ ఎక్కితే కడంబత్తూరు దాటాక కూర్చునే చోటు దొరికింది. అరక్కోణం మీదుగా తిరుత్తణికి గంట పైనే. స్టేషన్ బయట ఇడ్లీ తిని, కొండ వెనక పల్లెకు వంద రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను.

"గుడి ఆ పక్క మా. ఈ పక్క మేకలే పోతాయి" అన్నాడు డ్రైవరు.

"నేనూ మేకనే అనుకో అన్నా."

పోయినసారి దారి చూపిన మునెమ్మక్క మేకలతో ఎదురొచ్చింది. "వచ్చినావా పాపా! చెడి, ఆ మొక్క కోసమేనా?" అంటూ ముందు నడిచింది. గంట ఎక్కాం. బండల సందులో ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు.

"విత్తనానికని రెండు విడిచినాను గదా, యాడ పోయినాయి?" అక్క చుట్టూ వెతికి, పక్కనున్న మేకను కర్రతో ఒక్కటి వేసింది. "నీ కడుపు కాలా, అవీ మేసినావా!"

రెండు మొక్కలు వదిలిపెట్టడం ఇక్కడ వేర్లు తవ్వేవాళ్ళ కట్టుబాటు. పోయిన ఏడాది అక్క ముందు దిగిపోయాక, ల్యాబ్‌కు కావలసిన కిలోకు కాస్త తక్కువైందని ఆ రెండూ పెరికింది నేనే.

మేక అరిచింది. "దాన్ని కొట్టొద్దక్కా. నేనే పీకినాను."

అక్క కర్ర దించింది. "మేకయితే వేరన్నా విడిచేది పాపా" అంది. మేకలను తోలుకుంటూ కిందికి దిగింది.

తిరుగు రైల్లో ఆ మొక్కలో నిజంగా ఏముండేదో ఊహించడానికి ప్రయత్నించాను. నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియకపోవచ్చు. దాని గురించి ఇప్పుడు నా దగ్గరున్నది ఒక సంచి గురించిన సమాచారం మాత్రమే.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే అటవీ శాఖ అనుమతి కాగితంతో పాటు గుడ్డసంచి పట్టుకెళ్ళండి. చిన్నదే, కిలో పట్టనిది.